గోడ మీద అరచెయ్యి

మా తమ్ముడి కూతురు శ్రావ్య హాస్టల్ చూడ్డానికి వెళ్లిన ప్రతిచోటా ముందు వైఫై గురించి అడుగుతుంది. తర్వాత బాత్రూమ్ తలుపుకి గొళ్లెం పడుతుందో లేదో చూస్తుంది. ఆ తర్వాత మంచం మీద కూర్చుని ఒకసారి ఎగిరి చూస్తుంది. ఈ వేసవిలో దానికి అఠ్వా లైన్స్ వైపు కాలేజీలో సీటొచ్చింది. ఇల్లు బమ్రోలిలో. రోజూ వెళ్లి రావచ్చు గానీ, "రెండు బస్సులు మారి పోవుడు, ఒచ్చుడు, ఇంక నేను చదివేదెప్పుడు అత్తమ్మా?" అంది. తమ్ముడు సరేనన్నాడు, మరదలు సరేనంది, చుట్టుపక్కల వాళ్లెవరూ నోరెత్తలేదు. అంతా అంత తేలిగ్గా తెమిలిపోవడం నాకే కొంచెం మింగుడుపడలేదు. ఇదే సూరత్‌లో, ఇదే మాట మీద మా ఇంట్లో ఒకప్పుడు ఎంత రభస జరిగిందో మా తమ్ముడికి గుర్తున్నట్టు లేదు. వాడప్పుడు చెడ్డీలు వేసుకుని తిరిగే పిల్లాడు, వాడికేం గుర్తుంటుంది.

హాస్టళ్లు చూడ్డానికి నన్ను తోడు రమ్మంది. బ్యాంకు ఉద్యోగంలో ఆ ప్రాంతమంతా తిరిగినదాన్ని కాబట్టి నాకు మంచీ చెడూ తెలుస్తాయని దాని నమ్మకం. బయల్దేరే ముందే తగువు పెట్టుకుంది. "ఎన్నిసార్లు ఫోన్ చేసిన అత్తమ్మా, ఉఠాతీ హీ నహీ, ఎత్తనే ఎత్తవ్ నువ్వు. బ్యాగుల ఏసుకొని ఎట్ల తిరుగుతవ్?" ఆటోల రొదలో ఎవరికి వినపడుతుందే అన్నాను. అది నమ్మినట్టు తలూపి ఊరుకుంది. రెండు చోట్లు దానికి నచ్చలేదు. మూడో చోట గది బాగుంది. అది కిటికీ దగ్గర నిలబడి ఎవరికో వీడియోలో గది చూపిస్తూ ఉంటే నేను గోడ పక్కన నిలబడ్డాను. కాసేపటికి అది నా వైపు తిరిగి, "ఏం జేస్తున్నవ్ అత్తమ్మా, రంగు అంటుకుంటదా?" అంది. చూసుకుంటే నా అరచెయ్యి గోడకి ఆనించి ఉంది. ఎప్పుడు పెట్టానో నాకే తెలియదు.

అది మా బాపు అలవాటు. నన్ను హాస్టల్లో వేయడానికి వచ్చినప్పుడు ఆయన ఎవరినీ ఏమీ అడగలేదు. గోడ మీద అరచెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని నిలబడేవాడు.

మేమప్పుడు గోడాదరాలో ఉండేవాళ్లం. కరీంనగర్ వైపు నుంచి బతకడానికి వచ్చిన మా పద్మశాలీల ఇళ్లు ఆ వీధి నిండా ఉండేవి. కింద సాంచెలు, పైన మేము. మరమగ్గాలను మా వాళ్లు సాంచెలంటారు. మా గది నేల పగలూ రాత్రీ సన్నగా వణుకుతూనే ఉండేది. గూట్లో పెట్టిన స్టీలు గ్లాసులు ఆ వణుకుకి నెమ్మదిగా ముందుకు జరుగుతూ అంచుదాకా వచ్చేవి. మా అమ్మ, మేము అవ్వ అనేవాళ్లం, అటు పోతూ ఇటు పోతూ చూడకుండానే మోచేత్తో వాటిని వెనక్కి నెట్టేది. ఇంట్లో అన్నిటికీ సాంచె నూనె వాసన, కొత్త పాలిస్టర్ గుడ్డ వాసన. దుప్పట్లకీ, బాపు తలకీ, చివరికి అవ్వ చేసే పచ్చిపులుసుకీ అదే వాసన ఉండేదని నాకు అనుమానం. బాపు ఒక వారం పగటి పాళీ, ఒక వారం రాత్రి పాళీ. రాత్రి పాళీ వారంలో ఆయన పగలంతా గది మధ్యలో చాప మీద పడుకునేవాడు, మేము ఆయన్ని దాటుకుంటూ తిరిగేవాళ్లం. అవ్వ మూల కూర్చుని కండెలు చుట్టేది. నేను గుమ్మంలో కూర్చుని చదువుకునేదాన్ని. వారానికోసారి కరెంటు తీసే రోజున సాంచెలన్నీ ఒక్కసారి ఆగిపోయేవి. అప్పుడు వీధిలో చంటిపిల్లలందరూ ఉలిక్కిపడి లేచి ఏడ్చేవాళ్లు. వాళ్లకి చప్పుడు జోలపాట. అది ఆగితే భయం.

ఆ చప్పుడులో మాట్లాడాలంటే రెండే దారులు. గొంతు చించుకుని అరవాలి, లేకపోతే చేతులతో చెప్పాలి. సాంచెల దగ్గర మగవాళ్లు చేతులతోనే అన్నీ చెప్పుకునేవాళ్లు. ఆ భాష మెట్లెక్కి మా ఇళ్లలోకి కూడా వచ్చేసింది. అయిదు వేళ్లూ కలిపి నోటి దగ్గర పెడితే తిన్నవా అని. చెంప కింద చెయ్యి పెడితే నిద్ర పట్టిందా అని. రెండు వేళ్లు చిటికెలా విడదీస్తే పోగు తెగింది, ఏదో ఇబ్బంది వచ్చింది అని. అరచెయ్యి బోర్లించి గాల్లో పక్కకి జరిపితే అంతా మంచిగనే నడుస్తోంది, పోగేమీ తెగలేదు అని. ఈ ఆఖరిది బాపుకి ఊతపదంలాంటిది. అవ్వ ఉప్పు లేదని చెప్పినా, ఇల్లు కురుస్తోందని చెప్పినా ముందు ఆ చెయ్యి అలా జరిగేది. అవ్వకి ఒళ్లు మండేది. "నీ చేతికేం, పక్కకి జరుగుతనే ఉంటది" అని అరిచేది.

నన్ను హాస్టల్లో వేయమన్నది మా తెలుగు బడి రాజ్యలక్ష్మి టీచర్. రాజమండ్రి వైపు ఆవిడ, భర్త రైల్వేలో పనిచేసేవారు. పన్నెండో తరగతి అయ్యాక ఒకరోజు మా ఇంటికొచ్చి, ఆ చప్పుడుకి చెవులు మూసుకుని, కాసేపు నిలదొక్కుకుని, "చూడండి, ఈ పిల్ల చదువుతుందండీ. కానీ ఈ ఇంట్లో కాదు. కాలేజీ దగ్గర ఎక్కడైనా హాస్టల్లో వెయ్యండి. లేకపోతే పిల్ల పాడైపోతుంది" అంది. ఆవిడ అరవలేని మనిషి. ఆమె అన్నదంతా అవ్వ చేతులతో బాపుకి చెప్పింది. ఆ చప్పుడులో అదేమీ వింత కాదు. బాపు నా వైపు చూశాడు, గుమ్మంలో నేను కూర్చునే చోటు చూశాడు, టీచర్‌కి దణ్ణం పెట్టాడు.

వీధిలో మాత్రం అది చిన్న విషయం కాలేదు. దూరపు ఊళ్లో చదువుకి హాస్టల్ అంటే ఎవరికైనా అర్థమవుతుంది. ఉన్న ఊళ్లోనే, ఆటో ఎక్కితే చేరే దూరంలో, పెళ్లీడుకొచ్చిన పిల్లని హాస్టల్లో వేయడమేమిటి? పక్కింటి వెంకటమ్మ పిన్ని మొదట అవ్వతోనే అంది. "ఇల్లు పెట్టుకొని ఆడివిల్లను బయట ఉంచుడేంది వదినె? ఏమైందట?" ఆ ఏమైందట అన్న మాట వీధి ఈ చివర నుంచి ఆ చివరకి పోయింది. నీళ్ల దగ్గర నన్ను చూసి మాటలాపేవాళ్లు. మా వీధిలో మాటలాపడమంటే చేతులు దించడం కూడా. అవ్వ ఏడ్చింది, అన్నం మానేసింది, చివరికి బాపు మీద పడింది. "నలుగురు ఏమనుకుంటున్నరో తెలుస్తలేదా నీకు?" అని అరిచింది. బాపు చెప్పింది ఒకటే. "పిల్ల చదువుకోవాలె. గంతే." నలుగురేమనుకుంటున్నారో ఆయనకి నిజంగానే తెలియలేదని నాకు చాలా కాలం తర్వాత అర్థమైంది.

టీచర్, బాపు, నేను ముగ్గురం కలిసి వెళ్లాం. మొదటి హాస్టల్ పెద్దది, కొత్త రంగు వేసి ఉంది. మేనేజరు మమ్మల్ని కూర్చోబెట్టి, మంచినీళ్లు తెప్పించి, మీది ఏ సమాజమని అడిగాడు. పద్మశాలి అని టీచర్ చెప్పింది. ఆయనకి అర్థం కాలేదు. మగ్గం నేసేవాళ్లం, తెలంగాణ నుంచి వచ్చాం అని వివరించింది. ఆయన చాలా మర్యాదగా, ఈ హాస్టల్ మా సమాజపు ఆడపిల్లలకే బెన్ అన్నాడు. తప్పేమీ లేదు, వాళ్లు కట్టుకున్నారు, వాళ్ల పిల్లలుంటారు. మా వాళ్లు అప్పటికి మా కులదైవం మార్కండేయుడికి గుడి కట్టుకోవడం దాకానే వచ్చారు, హాస్టల్ దాకా రాలేదు. అయినా నీళ్లు తాగి బయటికి వస్తుంటే నాకు తల తీసేసినట్టయింది.

రెండోది రింగ్ రోడ్ మీద, బట్టల మార్కెట్ల వెనక సందులో, మూడో అంతస్తు. కింద టెంపోల హారన్లు, తోపుడు బళ్ల వాళ్ల కేకలు, మూటలు పడేసే చప్పుడు. గది ఇరుకు, కిటికీ నుంచి దుమ్ము. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. ఇక్కడైతే మా ఇంట్లో ఉన్నట్టే ఉంటుంది, హాయిగా నిద్ర పడుతుంది అనుకున్నాను. బాపు గోడ మీద అరచెయ్యి పెట్టాడు. కింద ఏదో జనరేటర్ నడుస్తోంది కాబోలు, వెంటనే చెయ్యి తీసేశాడు. "గోడ ఒణుకుతున్నది. ఒద్దు" అన్నాడు. నాకిది నచ్చిందని చెప్పబోయాను. "ఒక చప్పుడు ఇడిచిపెట్టి ఇంకో చప్పుడు దగ్గరికి ఒస్తమా బిడ్డా" అని ముందే మెట్లు దిగిపోయాడు.

మూడోది అఠ్వా లైన్స్‌లో ఒక ట్రస్టు వాళ్ల పాత బంగళా. వరండాలో ఊయల బల్ల, తుడిచి తుడిచి అరిగిన గచ్చు. అక్కడి పెద్దావిడ హంసాబెన్, తెల్ల చీర, నెత్తి మీద కొంగు. ఆవిడ మాట పక్కనున్న వాళ్లకి తప్ప వినపడదు. పిల్లలెవరైనా కొంచెం గట్టిగా నవ్వితే చాలు, "ధీమే, ధీమే" అనేది. మాట్లాడిందంతా టీచరే. బాపు గదిలోకి వెళ్లి గోడ మీద చెయ్యి పెట్టాడు. ఈసారి చెయ్యి తీయలేదు. కళ్లు మూసుకుని చాలాసేపు అలాగే ఉన్నాడు. హంసాబెన్ టీచర్ వైపు, ఏం చేస్తున్నాడీయన అన్నట్టు చూసింది. "సల్లగున్నది. అసల్ కదుల్తలేదు" అన్నాడు బాపు, ఎంతో పెద్ద అదృష్టం కళ్లబడ్డట్టు. "ఈడనే ఉండు బిడ్డా." నీకు నచ్చిందా అని నన్నెవరూ అడగలేదు. ఆ రోజుల్లో అడగరు.

ఆ బంగళాలో నేను పడ్డ బాధ ఎవరికైనా చెబితే నవ్వుతారు. నిశ్శబ్దం నాకు నరకమైంది. పడుకుంటే గోడ గడియారం వినపడేది, పక్క మంచం పిల్ల ఊపిరి వినపడేది, నా చెవిలో నా రక్తం కొట్టుకోవడం వినపడేది. ఏదో ఆగిపోయింది, ఎవరికో ఏదో అయింది అన్న భయంతో లేచి కూర్చునేదాన్ని. కరెంటు తీసే రోజు చంటిపిల్లల పని నాదైంది. తిండి సరే, తియ్యటి పప్పు, ఉల్లి లేని కూర, వాటికి అలవాటు పడ్డాను. గొంతుకే అలవాటు పడలేకపోయాను. నేను సబ్బు ఎక్కడుంది అని అడిగితే నా గది పిల్ల జిజ్ఞా బెదిరిపోయేది. ఒకరోజు ఏడుపు మొహంతో, నేను నీకేం చేశానని నాతో ఎప్పుడూ పోట్లాడతావు అని హిందీలో అడిగింది. నేను పోట్లాడలేదు, మామూలుగానే మాట్లాడాను. మా మామూలు అక్కడ పోట్లాట. అప్పట్నుంచి పట్టుదలగా గొంతు తగ్గించుకోవడం నేర్చుకున్నాను. కొళాయి దగ్గర ఒంటరిగా నిలబడి, నా మాట నాకే వినపడీ వినపడనట్టు పలికి చూసుకునేదాన్ని. దీపావళి వచ్చేసరికి నేనూ ధీమే అయ్యాను. ఇంటికెళ్తే అవ్వ, "ఏంది గట్ల గొణుగుతున్నవ్, తిండి పెడ్తలేరా?" అంది.

ఆ మొదటి నెలల్లో నన్ను నిలబెట్టింది బాపే. ఆదివారం ఓ గంట తండ్రులు ముందు గదిలో కూర్చోవచ్చు. బాపు ఒక్క ఆదివారం కూడా లోపలికి రాలేదు. రాత్రి పాళీ ఉన్న వారాల్లో మాత్రం, పని దిగాక, పొద్దున్నే, నూనె బట్టల మీదే బస్సెక్కి వచ్చి, రోడ్డుకి అవతల చాయ్ బండి పక్కన నిలబడేవాడు. నా గది మేడ మీద, కిటికీ రోడ్డు వైపు. మధ్యలో బస్సులు, స్కూటర్లు, స్కూలు పిల్లల రిక్షాలు. ఆయన వేళ్లు నోటి దగ్గర పెట్టేవాడు, తిన్నవా? తిన్నాను. చెంప కింద చెయ్యి, నిద్ర పట్టిందా? పట్టిందని అబద్ధం చెప్పేదాన్ని. అవ్వ, తమ్ముడు, వెంకటమ్మ పిన్ని, అందరి సంగతులూ చేతులతోనే. వెంకటమ్మ పిన్ని నడక చేసి చూపిస్తే నేను కిటికీ ఊచలు పట్టుకుని నవ్వేదాన్ని. చివర్లో అరచెయ్యి బోర్లించి పక్కకి జరిపేవాడు. ఇన్ని బస్సులు మధ్యలో పోతున్నా మాకు ఒక్క మాట కూడా తప్పేది కాదు. లోపలికి రావచ్చు కదా బాపూ అని ఇంటికెళ్లినప్పుడు అడిగితే, "నూనె బట్టలు బిడ్డా, ఆళ్ల గచ్చు ఖరాబైతది" అనేవాడు. నమ్మాను. నమ్మకపోవడానికేముంది, ఆయన బట్టలు నిజంగా అలాగే ఉండేవి.

చలికాలంలో హంసాబెన్ నన్ను పిలిపించింది. ఎదురింటి వాళ్లు వచ్చి చెప్పారట, మీ హాస్టల్ పిల్ల ఒకత్తె కిటికీలో నిలబడి రోడ్డు మీద ఎవడో మగవాడికి సైగలు చేస్తోంది, రోజూ కాకపోయినా వాడు అదే పనిగా వస్తున్నాడు అని. ఆయన మా బాపు అన్నాను. హంసాబెన్ నమ్మలేదు. మీ టీచర్‌తో వచ్చిన ఆ మనిషా? నోట్లో నాలుక లేనట్టు కూర్చున్న ఆయన రోడ్డు మీద అలా చేతులాడిస్తాడా? తండ్రైతే లోపలికొచ్చి కుర్చీలో కూర్చుంటాడు గానీ వీధిలో ఎందుకు నిలబడతాడు? ఆమె కోపంగా అనలేదు. కోపంగా అనుంటే నాకు సులువయ్యేది. ఆదివారం ఆయన్ని లోపలికి రమ్మను, తన నోటితో చెప్పమను, లేకపోతే నీ సామాను సర్దుకో అంది. గది పోతే మళ్లీ గోడాదరా గుమ్మంలోకి, ఆ చప్పుడులోకి. చదువు అక్కడితో సరి. పైగా ఏమైందట అన్న వీధికి, ఇదిగో ఇదీ అయింది అని జవాబు దొరుకుతుంది. అవ్వకి ఇక తలెత్తుకుని తిరిగే దారుండదు. ఇంటికి కబురైతే చేశాను గానీ, హంసాబెన్ మాట్లాడాలంటోంది అని తప్ప ఎందుకో చెప్పలేకపోయాను.

ఆదివారం బాపు తెల్ల చొక్కా వేసుకుని, తలకి నూనె రాసుకుని వచ్చాడు. ముందు గదిలో కుర్చీ అంచు మీద కూర్చున్నాడు. ఊయల బల్ల మీద హంసాబెన్. ఆమె ఎప్పటి గొంతుతోనే హిందీలో అడిగింది. "మా కిటికీకి ఎదురుగా రోడ్డు మీద నిలబడేది మీరేనా భాయ్?" బాపు నవ్వాడు. తల అడ్డంగా ఊపాడు. "నహీ నహీ బెన్. కుఛ్ నహీ" అన్నాడు.

భయపడి అబద్ధమాడుతున్నాడా అనుకున్నాను. హంసాబెన్ నా వైపు తిరిగింది. మరి ఆ మనిషి ఎవరమ్మా అంది. గది తలుపు దగ్గర ఇద్దరు ముగ్గురు ఆడపిల్లలు చేరారు. నేను బాపు దగ్గరికి వెళ్లి, ఆ ఇంట్లో నేర్చుకున్న ఆ చిన్న గొంతుతో, "బాపూ, రోడ్డు మీద నిలబడేది నువ్వే అని చెప్పు" అన్నాను. ఆయన నా పెదవుల వైపే చూస్తున్నాడు. ఎంత శ్రద్ధగా చూస్తున్నాడంటే, చిన్నపిల్లాడు పలక వైపు చూసినట్టు. చూసి, నవ్వి, అరచెయ్యి బోర్లించి పక్కకి జరిపాడు. "అంత మంచిగనే ఉన్నది బిడ్డా" అన్నాడు.

అప్పుడు తెలిసింది నాకు. పుట్టినప్పట్నుంచి ఆ రోజు దాకా నేను మా బాపుతో మెల్లగా మాట్లాడిన పాపాన పోలేదు. మా ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. అందరం అరిచేవాళ్లమే, అందరం చేతులాడించేవాళ్లమే, అందులో వినపడని మనిషి ఎవరో ఎవరికి తెలుస్తుంది. చప్పుడులో దాక్కున్న మనిషిని తీసుకొచ్చి, తనే ఏరికోరి ఎంచిన ఆ నిశ్శబ్దంలో కూర్చోబెట్టాం. ఆయన అబద్ధమాడలేదు. హంసాబెన్ అడిగింది గానీ, నేనన్నది గానీ ఆయన చెవిలో పడలేదు. ఆడపిల్లని ఇక్కడ ఏమైనా ఇబ్బంది పెడుతున్నారా అని అడుగుతారు కాబోలు అనుకుని, ఏమీ లేదని చెప్పుకుంటూ పోయాడు. గోడ మీద అరచెయ్యి కూడా అప్పుడే అర్థమైంది. చప్పుడుందో లేదో తెలుసుకోడానికి ఆయనకి మిగిలింది ఆ చెయ్యే.

అరిస్తే వినపడుతుంది. కానీ అరిస్తే ఆ తలుపు దగ్గర పిల్లలందరికీ, హంసాబెన్‌కీ, అన్నిటికంటే ముందు ఆయనకే, ఆయన దాచుకున్నది నేను బయట పెట్టినట్టవుతుంది. ఏడుపొచ్చింది. రెండడుగులు వెనక్కి వేసి, గదికి ఆ చివర నిలబడి చేతులతో చెప్పాను. ఆవిడ అడుగుతోంది. నువ్వు. అక్కడ, రోడ్డు మీద. నాతో మాట్లాడేది. బాపు ముఖంలో నవ్వు పోయింది. ఆయన చేతులు లేచాయి. నేనే. నేనే కదా. ఆమెకి కోపమొచ్చిందా? నిన్ను పంపేస్తుందా? ఇద్దరం అలా చెప్పుకుంటూ ఉంటే హంసాబెన్ ఊయల ఆపేసింది. కాసేపు చూసి, లేచి ఆయన దగ్గరికొచ్చి, ఆ ఇంట్లో నేనెప్పుడూ వినని గొంతుతో, గట్టిగా, "కబ్ సే, భాయ్?" అంది. ఎప్పట్నుంచి అని. బాపు ఆమె వైపు కాదు, నా వైపు చూశాడు. చెప్పేశావా అన్నట్టు.

గది నాకే ఉంచింది హంసాబెన్. ఇకమీదట రోడ్డు మీద వద్దు, వరండాలో బల్ల మీద కూర్చుని చేతులతోనే మాట్లాడుకోండి, ఎవరూ ఏమీ అనరు అంది. మంచి మనసుతోనే అంది. గేటు దాకా బాపుని సాగనంపడానికి వెళ్లాను. "అవ్వకు చెప్పకు" అన్నాడు. "సేఠ్‌కు తెలిస్తే సాంచెల మీద ఉంచడు. పోగు తెగితే ఫస్టు చెవికే ఎరుక అయితది కద. నేను చెయ్యి పెట్టి చూస్తున్న. చేతికి తెలుస్తది. జర లేటుగ తెలుస్తది, గంతే." అని ఆ చేతిని చూసుకున్నాడు. అవ్వకి నేను చెప్పలేదు. ఆమెకి తెలుసో తెలియదో ఈ రోజుకీ అడగలేదు.

తర్వాతి ఆదివారం బాపు వరండాలో కూర్చున్నాడు. మేడ మెట్ల మీద, కిటికీల్లో అమ్మాయిలు చేరారు. ఎగతాళికి కాదు, వింతకి. సరోజా, మీ నాన్నగారు బస్సుని ఎలా చెబుతారు, పెళ్లిని ఎలా చెబుతారు అని అడిగారు. బాపు నవ్వుతూ కూర్చున్నాడు. చేతులు మాత్రం ఒళ్లో నుంచి లేవలేదు. వెళ్లేటప్పుడు ఒక్కసారి అరచెయ్యి పక్కకి జరిపాడు. ఆ తర్వాత ఇంకో రెండుసార్లు వచ్చాడేమో. మళ్లీ రాలేదు. పాళీ మారింది అన్నాడు, ఒంట్లో బాలేదన్నాడు. నాకు గది దక్కింది, డిగ్రీ వచ్చింది, బ్యాంకు ఉద్యోగం వచ్చింది. రోడ్డుకి అవతల నిలబడి వెంకటమ్మ పిన్ని నడక చేసి చూపించే మా బాపు మాత్రం నాకు మళ్లీ దొరకలేదు. ఇంట్లో ఉన్నప్పుడు కూడా నాతో చేతులతో మాట్లాడ్డం తగ్గించాడు. నా కళ్లలో ఏదో కనపడేదేమో ఆయనకి. కొత్త రకం సాంచెలొచ్చాక నిజంగానే ఆయన్ని తీసేశారు. గుడ్డ మడతలు వేసే పనిలో పడి, అందులోనే ముసలివాడై, నాలుగేళ్ల కిందట పోయాడు.

ఇప్పుడు శ్రావ్య విషయంలో ఎవరూ ఏమైందట అనలేదు. అది సంతోషమే. దాని ఇంటి కింద సాంచెలు లేవు. తమ్ముడి కార్ఖానా వేరే చోట, వాళ్ల ఫ్లాటులో గ్లాసులు పెట్టిన చోటే ఉంటాయి. దానికి నచ్చిన గది అదే ఎంచుకుంది, మంచం మీద ఎగిరి మరీ. తాత చేతుల భాష దానికి ఒక్క ముక్క రాదు. ఎందుకొస్తుంది, దాని చిన్నప్పటికే ఆయన చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునే మనిషి. ఏది కావాలన్నా ఫోనుంది. ఇది మంచా చెడా అని నన్నడిగితే నేను చెప్పలేను. దానికి నిద్ర పట్టకపోతే తెల్లవారేలోగా నలుగురికి తెలుస్తుంది. ఆ రోజుల్లో నాకు నిద్ర పట్టట్లేదని ఒక్కరికి కూడా తెలియదు, పట్టిందని బాపుకే చెప్పాను.

మొన్న దాన్ని దింపడానికి అందరం వెళ్లాం. సామాను పెట్టాం, మరదలు కళ్లు తుడుచుకుంది, తమ్ముడు బండి తీసుకురావడానికి వెళ్లాడు. నేను రోడ్డు దాటి అవతల చాయ్ బండి దగ్గర నీడకి నిలబడ్డాను. నిలబడి మేడ వైపు చూశాను. కిటికీలో శ్రావ్య. మధ్యలో బస్సులు పోతున్నాయి. నా చెయ్యి దానంతటదే లేచింది. అయిదు వేళ్లూ కలిసి నోటి దగ్గరికి పోయాయి. అది తెల్లబోయి చూసింది. తర్వాత ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, నా వైపు వేలు చూపించింది. నాకర్థం కాలేదు. మళ్లీ చూపించింది, ఈసారి రెండు చేతులూ ఊపుతూ. ఏం చెబుతోందో పోల్చుకోలేక నేను నవ్వుతూ తలూపాను. పక్కన చాయ్ తాగుతున్న ఒకామె నా భుజం తట్టింది. నా చంకకి వేలాడుతున్న బ్యాగు వైపు చూపించి, "బెన్, తమారో ఫోన్ వాగే ఛే" అంది. ఎప్పట్నుంచో మోగుతోంది కదా అన్నట్టు నా మొహంలోకి చూసింది.

బ్యాగు తెరిచేసరికి తెర మీద శ్రావ్య పేరు వెలుగుతోంది. చేతిలోకి తీసుకుంటే వేళ్లకి తెలిసింది వణుకు. ఎత్తేలోగా ఆగిపోయింది. కిటికీలో అది చేతులు రెండూ వెల్లకిలా తిప్పి ఏమైంది అత్తమ్మా అని అడిగింది. అది అందరికీ వచ్చిన సైగే. నేను అరచెయ్యి బోర్లించి గాల్లో పక్కకి జరిపాను.